వణికింది చెయ్యి కాదు

మా గజపతినగరంలో ఫిడేలు టీచరుగారి గురించి అడిగితే అందరూ ఒకటే మాట చెబుతారు. వయసు మీద పడింది, చెయ్యి వణుకొచ్చింది, అందుకే పాఠాలు మానేశారు అని. మందుల షాపులో ఆ మాట విన్నాను. ఆటోస్టాండులో విన్నాను. భోజనాల దగ్గర మా ఆవిడ కూడా అంది. నేను తల దించుకుని మజ్జిగ కలుపుకున్నాను.

ఆ మాట తప్పు. అది తప్పని ఊళ్ళో అందరికన్నా ముందు తెలిసినవాణ్ణి నేను. మొదట మూడు వారాలు, ఆ తర్వాత ఐదు నెలలు నోరు మెదపలేదు. ఇది రాయడానికి కూర్చుని ఇప్పటికి నాలుగుసార్లు లేచాను. ఇంక లేవకుండా, జరిగింది జరిగినట్టు రాస్తాను.

నేను ఇళ్ళకి ఇంటర్నెట్ ఇచ్చే చిన్న కంపెనీలో పనిచేస్తాను. కేబుల్ టీవీ రోజుల్లో స్తంభాలెక్కి వైర్లు లాగినవాణ్ణి. మోకాలు దెబ్బతిన్నాక గదిలో కూర్చోబెట్టారు. రాయగడ వెళ్ళే రోడ్డు మీద ఎరువుల కొట్టు పైన ఉంటుంది ఆ గది. విశాఖపట్నం నుంచి వచ్చే పెద్ద లైను అక్కడికి చేరుతుంది. అక్కడి నుంచి ఊరి వీధులకీ చుట్టుపక్కల పల్లెలకీ చీలిపోతుంది. స్తంభాలెక్కే పని ఇప్పుడు మా బావమరిదిది.

సాయంత్రం ఆరు దాటితే ఆ గదిలో కూర్చోవడం నరకంగా ఉండేది. సీరియళ్ళు, సినిమాలు, క్రికెట్టు అన్నీ ఒకేసారి మొదలయ్యేవి. ఊరంతా ఒకే లైను మీద పడేది. ఫోను కింద పెట్టడానికి లేదు. "ఏటండీ, బొమ్మ ఆగిపోయి సెక్రం తిరుగుతన్నాది, సూస్తారా సూడరా?" అని ఒకరు. "మావా, ఆకరి ఓవరు. ఇప్పుడు గానీ ఆగిపోయిందో, నీ ఆఫీసుకొచ్చి నీ నెత్తి మీద కూకుంతాను" అని ఇంకొకరు. లైను పెంచమని పైవాళ్ళని అడిగితే చూద్దామనేవారు.

ఇలా ఉండగా మాకు కొత్త పెట్టె ఒకటి వచ్చింది. పాత పెట్టెలు తయారుచేసినవాళ్ళు ఎలా నడవమంటే అలాగే నడిచేవి. ఈ కొత్తది అలా కాదు. దాని లోపల ఏది ముందు వెళ్ళాలో, ఏది వెనక ఆగాలో మనమే రూలు రాసి పెట్టొచ్చు. రాసింది రాసినట్టు చేస్తుంది. నేను పుస్తకాలు తెచ్చుకుని, వీడియోలు చూసి, మూడు నెలలు కుస్తీపట్టి దానికి రాయడం నేర్చుకున్నాను. జీవితంలో నాకంటూ ఒక విద్య వచ్చిందనిపించింది.

నేను రాసిన రూలు ఏమిటో చెప్పాలి. చెప్పకపోతే నా తప్పు ఏమిటో తెలియదు.

సినిమా అయినా సీరియల్ అయినా ఫోనులోకి ధారగా రాదు, ముక్కలుగా వస్తుంది. ఒక్కో ముక్కలో కొన్ని సెకన్ల బొమ్మ ఉంటుంది. అదే ముక్కని పంపేవాళ్ళు నాలుగైదు రకాలుగా తయారుచేసి ఉంచుతారు. ఒకటి స్పష్టంగా ఉంటుంది, ఒకటి కాస్త మసగ్గా, ఇంకొకటి మరీ మసగ్గా. దారి ఎలా ఉందో చూసుకుని ఏది కావాలో ఫోనే అడుగుతుంది. వచ్చిన ముక్కల్లో కొన్నిటిని దాచుకుని, వాటిని చూపిస్తూ ఈలోగా తర్వాతవి తెప్పించుకుంటుంది. దాచుకున్నవి అయిపోతేనే చక్రం తిరుగుతుంది.

ముక్కలుగా వచ్చేదానికి ఒక నడక ఉంటుంది. ఒక్క ఉదుటున వస్తుంది, కాసేపు ఊపిరి తీసుకుంటుంది, మళ్ళీ వస్తుంది. ఆ నడక ఉన్నదాన్ని ముందు వరసలో పంపమని రాశాను. ఆగకుండా పారుతూనే ఉన్నది ఏదైనా, ఎవరో పెద్ద ఫైలు దించుకుంటున్నారని లెక్కేసి, సాయంత్రం రద్దీలో దాన్ని వెనక వరసలో నిలబెట్టమని రాశాను.

ఇంకొక వాక్యం కూడా రాశాను. ఇంటర్నెట్ వేగం కొలిచే పరీక్ష ఉంటుంది కదా, ఫోనులో నొక్కితే ముల్లు తిరిగి చూపిస్తుంది. ఆ పరీక్ష ఎవరు చేసినా అన్నిటికన్నా ముందు దాన్ని పంపమని రాశాను. ఫిర్యాదు చేసినవాళ్ళ ముందు ముల్లు చివరికంటా వెళితే మాట పెరగదని. ఇది తెలివి అనుకున్నాను.

రూలు పెట్టిన వారంలోనే ఫోన్లు ఆగిపోయాయి. ఊళ్ళో చక్రం కనిపించలేదు. మా బావమరిది నవ్వుతూ వచ్చాడు.

"బావా, ఊరంతా నిన్నే మెచ్చుకుంతన్నారు. మొన్న ఓ ఇంట్లో ముసిల్ది నాకు పకోడీలెట్టింది. పదేళ్ళయి స్తంబాలెక్కుతన్నాను, ఎవులూ మంచినీళ్ళు కూడా ఇవ్వనేదు."

"రెండు నాకు తేవాల్సింది."

"నీకెందుకెడతాదేటి? ఎక్కింది నేను."

కంపెనీ పెద్దలు కూడా మెచ్చుకున్నారు. వచ్చి చూసి, శృంగవరపుకోటలోనూ ఇదే పెడదాం, అన్ని ఊళ్ళకీ నువ్వే చూడు అన్నారు.

ఫిడేలు టీచరుగారి ఫోను ఆ రోజుల్లోనే వచ్చింది. ఆవిడ విజయనగరంలో చాలా ఏళ్ళు పాఠం చెప్పి, మా ఊళ్ళో అక్కగారి ఇంటికి వచ్చి ఉంటున్నారు. అక్కాచెల్లెళ్ళు ఇద్దరే. పాత శిష్యులు వదల్లేదు. తొమ్మిదిమంది ఫోనులోనే నేర్చుకునేవారు. గరివిడి ఫ్యాక్టరీలో పనిచేసే ఆయన కూతురు, శృంగవరపుకోట బ్యాంకు ఉద్యోగి, రాయగడలో ఇద్దరు, ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో స్థిరపడ్డ మనవాళ్ళ అమ్మాయి, ఇంకా నలుగురు. బడులూ ఉద్యోగాలూ అయ్యాకే కాబట్టి పాఠం సాయంత్రమే.

"నాయనా, పిల్లలకి నా వాయింపు సరిగ్గా వినపడడం లేదంటున్నారు. ఒకసారి చూసిపెడతావా?" అన్నారు.

వెళ్ళాను. ముందుగదిలో చాప మీద ఫిడేలు, ఎదురుగా స్టాండుకి ఫోను. పక్కగదిలో అక్కగారు టీవీలో సీరియల్ చూస్తున్నారు, అది కూడా మా లైను మీదే. టీచరుగారి ఫోను తీసుకుని పరీక్ష నొక్కాను. ముల్లు చివరికంటా వెళ్ళింది.

"చూడండమ్మా. మా దగ్గర ఏ లోపమూ లేదు."

పక్కగది నుంచి అక్కగారు కేకేశారు. "నేను సెప్పలేదేటే? నా సీరియల్ అద్దంలా వస్తాది. దీని ఫిడేలుకే పట్టింది రోగం."

"నీ సీరియల్లో ఏడుపు తప్ప ఏటుంది? ఎలా వచ్చినా ఒకటే," అన్నారు టీచరుగారు. ముగ్గురం నవ్వుకున్నాం. నేను టీ తాగి వచ్చేశాను.

పది రోజులకి మళ్ళీ పిలిచారు. ఈసారి నవ్వలేదు. గరివిడి అమ్మాయి, "టీచర్, మీ స్వరం వణుకుతోంది" అందట. మర్నాడు బ్యాంకాయన కూడా అదే అన్నాడట, మొహమాటపడుతూ. నేను మళ్ళీ పరీక్ష నొక్కాను. ముల్లు మళ్ళీ చివరికి వెళ్ళింది. ఆవిడ దాన్ని చూసి తల ఊపారు.

"లైను బాగుంది. అక్క బొమ్మ బాగుంది. మరి మిగిలింది నేనే కదా," అన్నారు. తన ఫోనులో రికార్డు చేసుకున్న వాయింపు నాకు పంపించారు. "నా చెవికి బాగానే ఉంది. నా చెవి కూడా పోయిందేమో తెలీదు. నువ్వు బయటివాడివి. తీరిగ్గా విని చెప్పు, నా చెయ్యి వణుకుతోందా?"

గదికి వచ్చి విన్నాను. కమాను ఒక్కసారి లాగితే నూనె ధార పోసినట్టు ఉంది. ఎక్కడా వణుకు లేదు. ఆవిడ పాఠం చెప్పే వేళకి తెర మీద ఆవిడ ఇంటి లైను తీసి చూశాను. అక్కగారి సీరియల్ ముందు వరసలో దర్జాగా వస్తోంది. ఆ ఇంటి నుంచే బయలుదేరిన ఫిడేలు వెనక వరసలో నిలబడి ఉంది.

అప్పుడు తెలిసింది. ఎదురెదురుగా మాట్లాడుకునే వీడియో ముక్కలుగా వెళ్ళదు, ఆగకుండా పారుతుంది. నా రూలు దాన్ని పెద్ద ఫైలు అనుకుంది. దాచుకున్న ముక్కలున్న సీరియల్‌కి కాస్త ఆలస్యమైనా ఏమీ కాదు. పాఠానికి దాచుకోవడానికేముంటుంది? వాయించిన క్షణమే వెళ్ళాలి. అది ఆలస్యంగా, ఎగుడుదిగుడుగా చేరినప్పుడు అవతలి ఫోను ఆ సందులు కనిపించకుండా శబ్దాన్ని కాస్త సాగదీస్తుంది, కాస్త నొక్కుతుంది. మామూలు మాటల్లో ఆ తేడా తెలియదు. ఫిడేలు మీద ఒకే స్వరం నిలబెట్టి వాయిస్తే అది వణుకులా వినిపిస్తుంది.

లేచి గదిలో అటూ ఇటూ తిరిగాను. మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చి, మళ్ళీ పైకెళ్ళాను. రూలు మార్చాలంటే ఎందుకని పైవాళ్ళు అడుగుతారు. ముల్లు సంగతి బయటికొస్తుంది. ఆ వారంలోనే శృంగవరపుకోటలో పెట్టె బిగిస్తున్నారు. క్రికెట్ మ్యాచ్‌లు నడుస్తున్నాయి. అవి అయ్యాక చూద్దాం అనుకున్నాను.

పొద్దున్నే టీచరుగారు ఫోను చేశారు. "విన్నావా నాయనా? ఏమనిపించింది?"

"నాకు సంగీతం తెలీదమ్మా," అన్నాను.

అది నిజమే. నాకు సంగీతం తెలీదు. కానీ నా జన్మలో అంత పెద్ద అబద్ధం నేను ఆడలేదు.

"అవును, పాపం నిన్నడిగానేటి," అని ఆవిడ ఫోను పెట్టేశారు.

ఆ తర్వాతి మూడు వారాలూ ఎలా గడిచాయో చెప్పలేను. రెండుసార్లు బండి తీసి ఆవిడ ఇంటికి బయలుదేరాను. రెండుసార్లూ రైల్వే గేటు దగ్గర ఆగి, గేటు తీసి ఉన్నా వెనక్కి తిరిగాను. పెట్టె ముందు కూర్చుని రూలు తెరిచేవాణ్ణి, మూసేవాణ్ణి. సాయంత్రమయ్యేసరికి ఆవిడ లైను చూడకుండా ఉండలేకపోయేవాణ్ణి. శిష్యులు ఒక్కొక్కరే తగ్గుతున్నట్టు కనిపించేది. ఒక సాయంత్రం ఏమీ లేదు. సీరియల్ ఒక్కటే వస్తోంది.

మర్నాడు మా బావమరిది చెప్పాడు. "బావా, ఆ ఫిడేలమ్మ సిన్న లైనుకి మార్సేమన్నాది. పాటాలు మానేసిందట. సెయ్యి వణుకుతాందని పిల్లలందర్నీ ఆవిడే పొమ్మన్నాదట. ఇంకో గురువుని సూసుకోండని సెప్పీసింది. పాపం మంచి మనిసి బావా."

ఆ సాయంత్రమే రూలు మార్చాను. ఎదురెదురు మాటలకి సన్నటి దారి ఒకటి విడిగా కేటాయించి, దానికి ఎవరూ అడ్డు రాకూడదని రాశాను. పది నిమిషాలు పట్టలేదు. ఊళ్ళో సీరియళ్ళ బొమ్మ ఒక మెట్టు మసకబారింది. ఫోన్లు వస్తాయని కాచుకుని కూర్చున్నాను. ఒక్కటీ రాలేదు. ఎవరూ గమనించనే లేదు. నేను మూడు వారాలు భయపడింది దానికి.

రూలు మార్చాను కదా, నా పని అయిపోయిందనుకున్నాను. ఐదు నెలలు అలాగే అనుకుంటూ తిరిగాను.

ఒకరోజు మధ్యాహ్నం మందుల షాపు దగ్గర టీచరుగారి అక్కగారు కనిపించారు. చేతిలో చీటీ ఉంది.

"ఎవరికమ్మా మందులు?"

"ఇంకెవరికి? మా మహాతల్లికి. విజయనగరం ఎల్లి డాక్టరుకి సూపించుకుంది. సేతులు సాపమన్నాడు, సూశాడు, ఏటీ లేదన్నాడు. ఇది వింటేనా? నా పిల్లలు అబద్ధం చెప్తారా అని ఆయన మీదే ఎగిరింది. పోరు పడలేక బలానికని ఏవో రాసిచ్చాడు. అవి మింగుతా కూకుంటాది. ఫిడేలు పెట్టె తియ్యదు. నేను ముడితే ఊరుకోదు."

చీటీ నా కళ్ళ ముందు ఆడింది. ఆవిడతో ఏం చెప్పానో గుర్తులేదు. బండెక్కి సరాసరి ఆ ఇంటికి వెళ్ళాను.

టీచరుగారు అరుగు మీద కూర్చుని చాటలో బియ్యం ఏరుతున్నారు. గింజంత మెరికని రెండు వేళ్ళతో పట్టి పక్కన పెడుతున్నారు. ఆ వేళ్ళలో ఒక్క అదురు లేదు. ఆ వేళ్ళనే చూస్తూ మొత్తం చెప్పాను. రూలు, వెనక వరస, ముల్లు, నేను విన్న వాయింపు, సంగీతం తెలీదన్న మాట. మధ్యలో అక్కగారు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

మొదట మాట్లాడింది అక్కగారే. "అంటే ఏటిరా, నా సీరియల్ బాగా రావడానికి దీని సెయ్యి తీసేశావా?"

"అవునమ్మా."

"ఆరు నెలలు మా ఇంట్లో టీ తాగి!"

"రెండుసార్లే తాగానమ్మా," అన్నాను. ఎందుకన్నానో తెలీదు. ఆవిడ చేతిలో మందుల చీటీ నా మొహాన కొట్టారు.

టీచరుగారు చాట కింద పెట్టారు. "ఆగకుండా పారుతోందని వెనక్కి తోశావు."

"అవునండీ."

"ఆగితే అది సంగీతమేటి నాయనా?"

ఆవిడ కోప్పడతారని, ఏడుస్తారని వచ్చాను. ఆవిడ రెండు చేతులూ ముందుకి చాపి, వెనక్కీ ముందుకీ తిప్పి చూసుకుంటున్నారు, ఎవరివో చూసినట్టు.

"నాకు చెప్పి ఏం లాభం?" అన్నారు చివరికి. "నేను తొమ్మిదిమందికి నా నోటితో చెప్పాను, నా చెయ్యి పోయిందని. వాళ్ళకి చెప్పు. ఇక్కడే కూర్చుని, నేను వింటుండగా."

చెప్పాను. ఆ అరుగు మీదే, స్పీకరు పెట్టి, ఒక్కొక్కరికీ. గరివిడి ఆయన అంతా విని, "అయ్యో, మరి మా పాప వేరే చోట చేరిపోయిందండి. ఇప్పుడేటి సెయ్యమంటారు?" అన్నారు. రాయగడలో ఒకరు తమ అబ్బాయి ఫిడేలే మానేశాడన్నారు. ఒకరు ఫోను ఎత్తలేదు. ఖరగ్‌పూర్ అమ్మాయి తండ్రి రైల్వే మనిషి. నేను చెప్పడం అయ్యేదాకా ఓపిగ్గా విన్నారు.

"మీరు రైల్వేలోకి రాకపోవడం మా అదృష్టమండి," అన్నారు. "సిగ్నలు మీరు తప్పుగా ఇచ్చి, నేరం డ్రైవరు మీద రాసేద్దురు."

టీచరుగారు అప్పుడు నవ్వారు. పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. నాకు ఆ నవ్వు తిట్టుకన్నా గట్టిగా తగిలింది.

తొమ్మిదిమందిలో ఇద్దరు తిరిగొస్తామన్నారు. ఖరగ్‌పూర్ అమ్మాయి, బ్యాంకాయన. ఆఫీసులో కూడా చెప్పాను. ముల్లు వాక్యం తీసేశాను. అన్ని ఊళ్ళ పెట్టెలూ చూసే బాధ్యత నా దగ్గర్నుంచి తీసి మరొకరికి ఇచ్చారు. దాని గురించి రాయడానికేమీ లేదు.

పాఠం మళ్ళీ మొదలైన సాయంత్రం టీచరుగారు నన్ను రమ్మన్నారు. లైనుని చూపించే తెరని లాప్‌టాప్‌లో వెంట తెచ్చుకుని గోడవారగా కూర్చున్నాను. అక్కగారు ఆ గంట టీవీ పెట్టనన్నారు. పెట్టుకోండమ్మా, ఫరవాలేదు అంటే, "నీ ఫరవాలేదు నేను సూశాను" అన్నారు.

ఆరు నెలల తర్వాత టీచరుగారు ఫిడేలు పెట్టె తెరిచారు. తీగలు సవరించడానికే చాలాసేపు పట్టింది. స్టాండు మీద ఫోనులో ఖరగ్‌పూర్ అమ్మాయి వొళ్ళో ఫిడేలు పెట్టుకుని కదలకుండా కూర్చుంది. బొమ్మ స్పష్టంగా ఉంది, ఆ పిల్ల ముక్కుపుడక మెరుపు కూడా కనిపిస్తోంది.

"షడ్జం పట్టుకుంటాను. ఎక్కడైనా తేడా వస్తే మొహమాటపడకుండా చెప్పు," అన్నారు టీచరుగారు. కమాను తీగ మీద ఆనించి, ఈ చివరి నుంచి ఆ చివరికి నెమ్మదిగా లాగారు.

అమ్మాయి మెల్లగా, "సగం దాటాక వణికింది టీచర్," అంది.

తెర చూశాను. రెండోసారి చూశాను. అక్కడి నుంచి ఇక్కడికీ ఇక్కడి నుంచి అక్కడికీ ఒక్కటీ ఆలస్యం కాలేదు, ఒక్కటీ వెనకబడలేదు. గుమ్మంలో అక్కగారు నిలబడి నన్నే చూస్తున్నారు. లైను అని చెప్పు అన్నట్టు కళ్ళతో సైగ చేశారు. చెప్పడం ఎంత తేలిక! అందరూ నమ్ముతారు. అప్పటిదాకా తప్పు నాదే, ఇదొకటి కలిస్తే ఏమైంది? నోటి దాకా వచ్చింది కూడా.

టీచరుగారు నా వైపు తిరిగారు. "లైనా, చెయ్యా?"

"చెయ్యేనమ్మా," అన్నాను.

ఆవిడ నన్ను చూసిన చూపులో ఏముందో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు. కుడిచెయ్యి ఒకసారి విదిలించుకుని, మణికట్టు నొక్కుకుని, ఫోను వైపు తిరిగారు.

"ఆరు నెలలు ముట్టుకోకపోతే వణకదేటి మరి? రేపట్నించి పొద్దున్న ఒక గంట, సాయంత్రం ఒక గంట లాగాలి. నువ్వు కూడా లాగు నాతోపాటు. ఎక్కడన్నావు, సగం దాటాకా?"

"అవును టీచర్."

ఆవిడ కమాను మళ్ళీ మొదటి నుంచి పెట్టారు.